న్యాయానికి వయసు ఉంటుందా?

పుట్టిననాడు న్యాయసమ్మతంగా ఉన్న శాసనం, ఒక్క అక్షరం మారకుండానే, కాలం గడిచి అన్యాయం కాగలదా? ఇంటి యజమానులకూ అద్దెదారులకూ నడుమ న్యాయస్థానాలలో సాగిన వివాదాలు ఈ ప్రశ్నను మన ముందుంచాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 1960 నాటి భవనాల అద్దె నియంత్రణ చట్టం, తగిన కారణం చూపకుండా అద్దెదారును ఖాళీ చేయించరాదని శాసించింది. అయితే 1957 ఆగస్టు 26న గాని, ఆ తరువాత గాని కట్టిన భవనాలను తన పరిధి నుంచి మినహాయించింది. ఇళ్ల కొరత ఉన్న కాలంలో సొమ్ము వెచ్చించి కొత్తవి కట్టేవారిని ప్రోత్సహించడమే దాని ఉద్దేశం. ఆ ఉద్దేశం సమంజసమైనదే. కాని ఏళ్లు గడిచినా ఆ తేదీ కదలలేదు. పాతికేళ్లు నిండిన ఇల్లు కూడా చట్టం దృష్టిలో కొత్తదిగానే ఉండిపోయింది. పక్కపక్క ఇళ్లలో ఉన్న ఇద్దరు అద్దెదారులలో ఒకరికి రక్షణ ఉండేది. మరొకరికి అది లేదు. 1983 అక్టోబరులో సుప్రీంకోర్టు మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో ఈ మినహాయింపు సమానత్వానికి విరుద్ధమని కొట్టివేసింది.

మరి ఆ మినహాయింపును నమ్మి ఇల్లు కట్టిన యజమాని సంగతేమిటి? ప్రభుత్వం ఇచ్చిన మాట ఏమైందని ఆయన అడిగితే, ఆ ప్రశ్నను తోసిపుచ్చలేము.

బొంబాయిలో ఇదే సూత్రం యజమానుల పక్షాన నిలిచింది. అక్కడి 1947 నాటి చట్టం ప్రామాణిక అద్దెను ప్రధానంగా 1940 సెప్టెంబరు 1 నాటి అద్దెకు ముడిపెట్టింది. ధరలు, మరమ్మతుల ఖర్చులు ఎన్నో రెట్లు పెరిగినా ఆ ముడి వీడలేదు. ఈ నిబంధనలు కాలక్రమంలో సహేతుకతను కోల్పోయాయని 1997 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం గడువు 1998 మార్చితో ముగియనున్నందున వాటిని కొట్టివేయలేదు. తరువాత వచ్చిన మహారాష్ట్ర 1999 చట్టం ఏటా 4 శాతం పెంపునకు అవకాశం కల్పించింది.

ఒకచోట అద్దెదారు, మరొకచోట యజమాని గెలిచారు. సూత్రం మాత్రం ఒక్కటే. ధర్మనిర్ణయంలో దేశకాలపాత్రాలను గమనించాలన్న మన పెద్దల మాట శాసనాలకూ వర్తిస్తుంది. అలాగని ఇచ్చిన మాటను రాజ్యం ఇష్టం వచ్చినప్పుడు వెనక్కు తీసుకోవచ్చునని కాదు. మాట ఇచ్చేటప్పుడే దాని గడువును చెప్పాలి. 1983 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొత్త భవనాలకు నిర్మాణం పూర్తయిననాటి నుంచి పదేళ్ల మినహాయింపు ఇవ్వడంలో ఈ వివేకం కనిపిస్తుంది. అందులో కట్టేవానికి భరోసా ఉంది, అద్దెదారుకు ఆశ ఉంది.

శాసనకర్తలు సకాలంలో చేయవలసిన ఈ సవరణను న్యాయస్థానానికి వదిలిపెడితే తీర్పు వచ్చేసరికి ఒక తరం గడిచిపోతుంది. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించేది చట్టాన్ని నమ్ముకున్నవారే.