గేరు మార్చే కర్త ఎవరు?

సాయంత్రం ఆరు దాటాక హైదరాబాద్‌లో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి చిక్కడపల్లి మీదుగా నారాయణగూడ దాకా మాన్యువల్ కారు నడిపేవాళ్ల ఎడమకాలికి తెరిపి ఉండదు. క్లచ్ నొక్కి ఫస్ట్ గేరు, సగం వదిలి నాలుగు గజాలు, మళ్లీ నొక్కి న్యూట్రల్. పైన మెట్రో దూసుకుపోతుంటుంది. కింద సుదర్శన్, సంధ్య థియేటర్ల ప్రేక్షకులు, సిటీ సెంట్రల్ లైబ్రరీలో చదువు ముగించుకుని అశోక్‌నగర్ గదులకు మళ్లే ఉద్యోగార్థులు, బస్సులు, ఆటోలు అందరిదీ అదే రోడ్డు. ఈ పేటల్లో చిన్న కారు కొనాలనుకున్న ప్రతి ఇంట్లోనూ గేర్లదా, ఆటోమేటిక్కా అన్న చర్చ జరుగుతుంది. ఆ చర్చ అడుగున చాలా పాత ప్రశ్న ఒకటి ఉంది. పని చేసేది ఎవరు? భారాన్ని మరొకరికి అప్పగించాక మనకు మిగిలే బాధ్యత ఎంత?

శ్రీవైష్ణవ సంప్రదాయం ఈ ప్రశ్న మీద శతాబ్దాల పాటు వాదించుకుంది. వేదాంత దేశికుల (1268–1369) మార్గంలో నడిచిన వడగలైవారు మర్కట కిశోర న్యాయం చెప్పారు. కోతిపిల్ల తల్లి పొట్టను తానే కరుచుకుని ఉండాలి, పట్టు వదిలితే పడిపోతుంది. భగవంతుడి దయకు జీవుడి వైపు నుంచి ఏదో ఒక ప్రయత్నం, కనీసం ఒక నెపమైనా, ఉండాలన్నది వారి మాట. పిళ్లై లోకాచార్యులను, మణవాళ మామునులను (1370–1443) అనుసరించిన తెంగలైవారిది మార్జాల కిశోర న్యాయం. పిల్లికూన ఏ ప్రయత్నమూ చేయదు. తల్లే నోట కరుచుకుని చేర్చాల్సిన చోటికి చేరుస్తుంది. నుదుటి నామం తీరులో ఈ భేదం తెలుగునాట నేటికీ కనిపిస్తుంది.

మాన్యువల్ కారుది కోతిపిల్ల దారి, ఆటోమేటిక్‌ది పిల్లికూన దారి అనేయడం తేలిక. గేరుబాక్సు లోపలికి చూస్తే ఆ మాట నిలవదు.

2014 ఫిబ్రవరిలో గ్రేటర్ నోయిడా ఆటో ఎక్స్‌పోలో మారుతి సెలెరియో వచ్చేదాకా మన మధ్యతరగతికి ఆటోమేటిక్ అంటే భయం. ధర ఎక్కువ, పెట్రోలు ఎక్కువ తాగుతుందన్న పేరు. సెలెరియో తెచ్చిన ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్) ఆ రెండు భయాలనూ తగ్గించింది. ఆ తర్వాత క్విడ్, టియాగో, శాంత్రో కూడా అదే బాట పట్టాయి. ఏఎంటీలో కొత్త గేరుబాక్సేమీ లేదు. మామూలు మాన్యువల్ గేరుబాక్సే, మామూలు క్లచ్ ప్లేటే. కాలు నొక్కాల్సిన క్లచ్‌ను, చెయ్యి మార్చాల్సిన గేరును కంప్యూటర్ ఆజ్ఞ మీద యాక్చుయేటర్లు కదుపుతాయి. పెడల్ పోయింది, క్లచ్ పోలేదు. అరిగేది అరుగుతూనే ఉంటుంది.

పైగా ఆ కంప్యూటర్‌కు రోడ్డు కనబడదు. బండి వేగం, ఇంజను తిరిగే వేగం, యాక్సిలరేటర్ ఎంత నొక్కారన్నది దానికి తెలుస్తాయి. ముందున్న సిటీ బస్సు చిక్కడపల్లి స్టాపులో ఆగబోతోందని తెలియదు. ఆ చూపు నడిపేవారి దగ్గరే ఉండిపోయింది.

ఇందిరాపార్కు నుంచి వీఎస్టీ దాకా 2.25 కిలోమీటర్ల ఉక్కు వంతెనను 2023 ఆగస్టు 19న ప్రారంభించారు. అలాంటి ఏ వంతెన ఎక్కుడులోనైనా ట్రాఫిక్ ఆగితే ఏఎంటీ నడిపేవారిలో కొందరు బ్రేకు వేయరు. బండి వెనక్కి జారకుండా యాక్సిలరేటర్‌తోనే ఆపుతారు. క్లచ్ పెడల్ లేదు కాబట్టి క్లచ్ గురించి ఆలోచించనక్కర్లేదన్న ధీమా అది. లోపల క్లచ్ ప్లేటు సగం పట్టి, సగం జారి, రాపిడితో వేడెక్కుతుంది. కాసేపటికి కాలిన వాసన వస్తుంది. అక్కడ బ్రేకు గానీ హ్యాండ్‌బ్రేకు గానీ వేయాలి. ఆగి ఉండటం ఎక్కువసేపు అయ్యేలా ఉంటే న్యూట్రల్‌లో పెట్టాలి. అడుగు అడుగుకూ పాకించకుండా ముందు కాస్త ఖాళీ ఏర్పడేదాకా ఆగి కదిలితే ప్లేటు ఆయుష్షు పెరుగుతుంది.

శరణాగతి శాస్త్రం ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. ప్రపత్తికి, అంటే శరణాగతికి, పెద్దలు ఆరు అంగాలు చెప్పారు. వాటిలో మొదటిది ఆనుకూల్య సంకల్పం, స్వామికి ఇష్టమైనదే చేయాలన్న నిశ్చయం. రెండోది ప్రాతికూల్య వర్జనం, ఆయనకు సరిపడనిది మానుకోవడం. తనను తాను అప్పగించుకునే ఆత్మనిక్షేపం కూడా ఆ ఆరింటిలోనే, వాటి పక్కనే ఉంది. పూర్తిగా అప్పగించుకోవడం గురించి ఇంత లోతుగా ఆలోచించినవాళ్లు కూడా నడవడి ఊసే అక్కర్లేదని అనలేదు. ఇక మహావిశ్వాసం అనే అంగం ఉందే, అది భగవంతుడికి చెల్లుతుంది, యంత్రానికి చెల్లదు. యంత్రానికి మన మీద దయ లేదు, దానికి చూపు లేదు. ఏఎంటీ కొన్నవారు తమను పిల్లికూనగా భావిస్తే, నోట కరుచుకునే తల్లి అక్కడ లేదని గుర్తుంచుకోవాలి.

అలాగని మాన్యువల్ నడిపేవారి అభిమానం కూడా సమర్థించదగ్గది కాదు. ‘బండి నా చేతిలో ఉంది, నేనే నడుపుతున్నాను’ అన్న మాటలో సత్యం సగమే. గీత మూడో అధ్యాయం అహంకారంతో మోహంలో పడినవాడు తానే కర్తననుకుంటాడని చెబుతుంది. పద్దెనిమిదో అధ్యాయం ఏ పనికైనా అయిదు కారణాలు లెక్కపెడుతుంది: అధిష్ఠానం, కర్త, కరణం, చేష్టలు, దైవం. చేసేవాడు అయిదింటిలో ఒకడు మాత్రమే. గేరు మార్చే చేతి వెనక కూడా ఎందరో ఉన్నారు. 1928లో కాడిలాక్ కార్లలో, గేర్ల వేగాలను తానే కలిపే సింక్రోమెష్ వచ్చింది. అంతకుముందు డ్రైవరు రెండుసార్లు క్లచ్ నొక్కి, ఇంజను వేగాన్ని చెవితో అంచనా వేసి గేరు కలపాల్సి వచ్చేది. ఆ పనిని యంత్రం ఎప్పుడో తీసుకుంది, మనం గమనించలేదు.

ఇంకో సంగతి. ఇరవై ఏళ్లుగా నడుపుతున్నవారి చెయ్యి తనంతట తానే సెకండ్ గేరుకు పోతుంది, మనసు ఎక్కడో ఉంటుంది. అలవాటు కూడా ఒక ఆటోమేటిక్కే. మంచి అలవాటైతే ఫరవాలేదు. ఊరికే ఎడమకాలు క్లచ్ పెడల్ మీద ఆనించి ఉంచే అలవాటు రిలీజ్ బేరింగ్‌ను అరగదీస్తుంది. హాఫ్ క్లచ్ మీద పాకించడం ప్లేటును తినేస్తుంది. మెకానిక్ షెడ్డులో గేరుబాక్సు దించాక తెలిసే ఈ నష్టం, రోజూ కొంచెం కొంచెంగా, నడిపేవారి ఎరుక లేకుండానే జరిగిపోయి ఉంటుంది.

గేరుబాక్సుకు నీటి ముప్పూ ఉంది. హుస్సేన్‌సాగర్ మిగులు నీరు పారే నాలా అశోక్‌నగర్ పక్కగా వెళుతుంది. 2000 ఆగస్టు వరదను ఇక్కడి పెద్దవాళ్లు మరవలేదు. బండి మునిగితే నీరు గేరుబాక్సులోకీ చేరవచ్చు. అప్పుడు నూనె పాలలా తెల్లబడుతుంది, వెంటనే మార్చించాలి. మామూలు రోజుల్లో ఇంజను ఆయిల్ గురించి అడిగినంతగా గేరు ఆయిల్ గురించి ఎవరూ అడగరు. ఏఎంటీ కాని ఆటోమేటిక్ రకాలైన టార్క్ కన్వర్టర్, సీవీటీ బండ్లలో ప్రత్యేకమైన ద్రవం ఉంటుంది, ఏది పడితే అది పోయకూడదు. ‘జీవితకాలం మార్చనక్కర్లేదు’ అన్న మాట విన్నా, మన ఎండలకు, మన ట్రాఫిక్‌కు దాన్ని పరీక్ష చేయించుకోవడమే మేలు.

ఇక ఎంపిక. మోకాళ్ల నొప్పులున్నవారికి, రోజూ ఈ రోడ్ల మీదే తిరిగేవారికి ఆటోమేటిక్ తగిన బండి. అది తీసుకుంటే నేర్పు తగ్గినట్టని ఎవరైనా అంటే వినక్కర్లేదు. క్లచ్ భయంతో కారు మానేసిన పెద్దవాళ్లు మళ్లీ గుడికో ఆసుపత్రికో తామే వెళ్లగలగడం చిన్న విషయం కాదు. కొత్తగా నేర్చుకునే పిల్లలు మాత్రం మొదట మాన్యువల్ మీద నేర్చుకోవాలి. క్లచ్ ఎక్కడ పడుతుందో కాలికి ఒకసారి తెలిస్తే, తర్వాత ఏఎంటీ నడిపినా లోపల ఏం జరుగుతోందో తెలిసే నడుపుతారు.

ఎలక్ట్రిక్ కార్లు ఈ ఎంపికను మెల్లగా చెరిపేస్తున్నాయి. 2022 సెప్టెంబరులో విడుదలైన టియాగో ఈవీలో మార్చడానికి గేర్లే లేవు, మోటారు వేగాన్ని చక్రాలకు తగ్గించి అందించే ఒకే ఒక్క అమరిక ఉంది. మాన్యువల్లా, ఆటోమేటిక్కా అని అక్కడ అడగాల్సిన పని లేదు. ఆ అమరికలోనూ నూనె ఉంటుంది, దాన్ని ఎప్పుడు చూడాలో కంపెనీ ఇచ్చిన పుస్తకం చెబుతుంది.