ఖాళీ రోడ్డు, రెండో మనిషి

 

ఆ మధ్య ఒక ఆదివారం విహారంలో వందన అయ్యాక మన పెద్దాయన ఒకరు నన్ను పక్కకు పిలిచాడు. "ఏమయ్యా, వారం వారం తెల్లారకముందే సైకిలేసుకుని అమరావతి దాకా పోయొస్తన్నావంట. వందనకి మాత్రం ఆలస్యంగా వస్తన్నావు. అది ధమ్మమా, షికారా?" అని అడిగాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆయన నవ్వలేదు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు ఆ రోడ్డు సంగతి చెప్పాలి. గుంటూరు నుంచి లాం, తాడికొండ మీదుగా అమరావతికి 30 పైచిలుకు కిలోమీటర్లు. ఐదింటికి బయల్దేరితే లాం ఫారం దాటేసరికి తూరుపు తెల్లబడుతుంది. అక్కడి నుంచి రెండు పక్కలా నల్లరేగడి. కాలాన్ని బట్టి పత్తో, మిరపో. లారీలు రాకముందు తారు మీద సన్న టైరు చేసే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. ధరణికోట దగ్గరికి పోతే కృష్ణ మీది గాలి ముఖానికి తగులుతుంది. 125 అడుగుల ధ్యానబుద్ధుడు దూరం నుంచే కనపడతాడు. ఇక స్తూపం దగ్గర మిగిలింది కాస్త దిబ్బ, ఇటుకలు, కొన్ని రాళ్లు. చెక్కిన పలకల్లో మంచివి చాలావరకు చెన్నై, లండన్ మ్యూజియంలకు పోయాయి. అయినా అక్కడ గడ్డి మీద పావుగంట కూర్చుంటే, రెండువేల ఏళ్ల కింద మనలాంటి వాళ్లు నడిచొచ్చి కూర్చున్న చోటు గదా అనిపిస్తుంది.

హైదరాబాద్ మిత్రులకు ఇంకా సుఖం. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పు వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో వచ్చింది. హుస్సేన్ సాగర్ వైపు తిరిగితే నీళ్ల మధ్య బుద్ధుడు, ఒడ్డుకు దగ్గర్లో 125 అడుగుల బాబాసాహెబ్. ట్రాక్ మీద ఎండ పడదు, లారీ రాదు, ఎవరూ ఆపి ఏదీ అడగరు. ఈ చివరి మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

సైకిల్ తొక్కడంలో ధ్యానం ఉందా అంటే, కొంత ఉంది. సోణుడనే భిక్షువు కాళ్లు నెత్తురు కారేదాకా నడిచి సాధన చేస్తుంటే, బుద్ధుడు వీణ తీగ ఉదాహరణ చెప్పాడు గదా. మరీ బిగించినా పలకదు, మరీ వదులుగా ఉన్నా పలకదు అని. గేరు సైకిలు ఎక్కినవాడికి ఈ ముక్క మోకాళ్లతోనే అర్థమవుతుంది. ఎదురుగాలికి బరువు గేరులో పెట్టుకుని పౌరుషానికి తొక్కితే పది కిలోమీటర్లకే కాళ్లు పట్టేస్తాయి. శ్వాస మీద ఎరుక కూడా దానంతటదే వస్తుంది. కానీ ఇంతటితో ఆగితే పెద్దాయన అన్నదే నిజం. అది ఒళ్లు తేలికయ్యే షికారు, అంతే.

అసలు విషయం వేరే ఉంది. మా నాన్నకు ఒక పాత సైకిలుండేది. మా ఊళ్లో పెద్ద వీధి మొదట్లో ఆయన దిగేవాడు. చెప్పులు విడిచి హ్యాండిల్‌కు తగిలించి, సైకిల్ నడిపించుకుంటూ వీధి చివరిదాకా పోయి, అక్కడ మళ్లీ ఎక్కేవాడు. నేను వెనక క్యారేజీ మీద నుంచి దిగి ఆయన వెంట నడిచేవాణ్ణి. ఎందుకు దిగాలని నేను అడగలేదు. వర్షం వస్తే గొడుగేసుకున్నట్టు, ఆ వీధి వస్తే దిగాలి కామోసు అనుకున్నాను. ఊరు పేరు చెప్పను. మీలో చాలామందికి చెప్పక్కర్లేదు కూడా.

బండెక్కడం, నీళ్ల దగ్గరికి పోవడం మన చరిత్రలో చిన్న విషయాలు కావు. 1901లో పిల్లవాడైన భీమ్‌రావు మసూర్ స్టేషన్‌లో దిగితే ఎడ్లబండివాడు తోలనన్నాడు. రెట్టింపు కిరాయి ఇచ్చి, పిల్లలే బండి తోలుకున్నారు. రాత్రంతా దాహం. 1929లో చాలీస్‌గావ్‌లో టాంగా వాళ్లు బారిస్టర్ అంబేడ్కర్‌ను ఎక్కించుకోమన్నారు. అతిథి నడిచి రావడం మర్యాద కాదని, తోలడం రాని మనవాడొకడు టాంగా తోలాడు. కల్వర్టు దగ్గర అది తిరగబడి బాబాసాహెబ్ రాళ్ల మీద పడ్డారు, కాలు విరిగింది. 1934లో వేరూళ్ బౌద్ధ గుహలు చూడాలని మిత్రులతో సరదాగా బయల్దేరారు. అది కూడా ఒక షికారే. దారిలో దౌలతాబాద్ కోట ముందు చెరువులో దుమ్ము కడుక్కున్నందుకు జనం వచ్చి మీదపడ్డారు. అంతకు ఏడేళ్ల ముందే, 1927 మార్చి 20న, ఆయన మహాడ్ చెరువు నీళ్లు తాగి చూపించారు. మన దగ్గర 1985 జూలైలో కారంచేడు ఘోరానికి ముందు రేగిన గొడవ కూడా మంచినీళ్ల చెరువు దగ్గరే. చెరువు గట్టు మీద ప్రశాంతంగా కూర్చోవడం అనేది ఎవరో మనకు కొని ఇచ్చారు. నేను ఆదివారం తొక్కే ప్రతి కిలోమీటరూ మా నాన్న దిగి నడిచిన దూరంలోంచి వచ్చిందే.

ఇలా అనుకుని గర్వంగానే తొక్కుతున్నాను, రెండు నెలల కిందటి దాకా.

ఆ రోజు పదిహేనేళ్ల మావాణ్ణి కూడా తీసుకుపోయాను. తిరిగొచ్చేటప్పుడు దారిలో ఒక ఊరి దగ్గర టీకి ఆగాం. కొట్టాయన మంచి మనిషి. హెల్మెట్లు చూశాడు, సైకిలెంతని అడిగాడు, పిల్లాడికి బిస్కెట్టు ఇచ్చి డబ్బులొద్దన్నాడు. గుంటూరులో ఎక్కడ, ఏం ఉద్యోగం, అన్నీ అయ్యాయి. తరవాత మామూలుగా, వాన పడిందా అన్నట్టు, "మీరేమిట్లు?" అన్నాడు. నేను టీ తాగుతూ ఉండిపోయాను. ఆయనే, "ముఖం చూస్తే మనోళ్లల్లేనే ఉన్నార్లే" అన్నాడు. నేను తలూపాను.

అంతే జరిగింది. ఒక్క మాట మాట్లాడలేదు. లాం దాకా మావాడు నోరెత్తలేదు. అక్కడ నీళ్లు తాగుతుంటే అడిగాడు: "డాడీ, మనం వాళ్లోళ్లమా?"

నా దగ్గర సమర్థనలు బోలెడున్నాయి. అది న్యాయమైన ప్రశ్న కాదు, దానికి నిజం చెప్పాల్సిన బాకీ నాకు లేదు. బుద్ధుడు కూడా కొన్ని ప్రశ్నలకు మౌనంగా ఉన్నాడు. పక్కన పిల్లాడున్నాడు, ఊరు కాని ఊరు. ఇవన్నీ ఆ వారం రోజులూ తిప్పితిప్పి చూసుకున్నాను. ఒక్కటీ నిలబడలేదు. నేను మౌనంగా ఉండలేదు, తలూపాను. తలూపడం మాటే. అబద్ధం చెప్పనని 22 ప్రతిజ్ఞల్లో ఒకటుంది, అది నోటికి మాత్రమే అని ఎక్కడా లేదు. చాలీస్‌గావ్ వాళ్లు ప్రాణం కన్నా మర్యాద ముఖ్యమనుకుని పొరబడ్డారు. నేను ఒక గ్లాసు టీ ప్రశాంతత కోసం మర్యాద వదులుకున్నాను. వాళ్ల పొరపాటే నయమనిపిస్తుంది నాకు.

ఒంటరిగా ఉన్న మనిషికి ధమ్మంతో పని లేదనీ, ఇద్దరు కలిసి బతకాల్సి వచ్చినప్పుడే అది కావాల్సి వస్తుందనీ బాబాసాహెబ్ వాదించారు. ఈ మాట నేను మన క్లాసుల్లో ఎన్నోసార్లు చెప్పాను. ఖాళీ రోడ్డు మీద నేను ఎవరికీ అన్యాయం చేయను, ఎవరికీ భయపడను, శ్వాస చూసుకుంటూ పోతాను. అక్కడ నా శీలానికి పరీక్షే లేదు. రెండో మనిషి టీ కొట్టు దగ్గర ఎదురయ్యాడు. పరీక్ష మొదలైన నిమిషంలోనే నేను సైకిల్ దిగిపోయాను, మా నాన్నలాగా. తేడా ఏమిటంటే, ఆయన్ని బలవంతాన దింపారు. నన్నెవరూ దింపలేదు.

తరవాతి ఆదివారం మళ్లీ పోయాం. కొట్టాయన దూరం నుంచే చెయ్యి ఊపాడు. ఈసారి ఆయన ఏమీ అడగలేదు, నేనే ఎత్తుకోవాల్సి వచ్చింది. ఇది అన్నిటికన్నా కష్టం. "పోయిన వారం మీరనుకున్నది కాదండీ. మేం బౌద్ధులం" అన్నాను. అనగానే, ఈ మాటను కూడా దుప్పటిలా కప్పుకుంటున్నానేమో అనిపించింది. అందుకని, "మా నాన్న మాదిగపల్లెలో పుట్టాడు" అని కూడా చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆగాడు. "దానికేముందిలెండి" అని టీ పోయడానికి అటు తిరిగాడు.

పోయిన వారం గాజు గ్లాసుల్లో ఇచ్చాడు. ఆ రోజు పేపర్ కప్పులు. అందరికీ అవే ఇచ్చాడో, మాకే ఇచ్చాడో, నేను వెనక్కి తిరిగి చూడలేదు. మావాడు చూశాడు, నాకు మాత్రం చెప్పలేదు. కప్పు చెత్తడబ్బాలో వేసి, "వచ్చే ఆదివారం కూడా ఇక్కడే ఆగుదాం డాడీ" అని సైకిలెక్కాడు.

వందనకు ఆ రోజు కూడా ఆలస్యమైంది.