వైద్యుని భారము మోయువారెవరు?

(ఈ వ్యాసమునకు ముందు నిర్గమకాండము 18వ అధ్యాయమును, లూకా 10వ అధ్యాయములోని మంచి సమరయుని ఉపమానమును చదువుకొనుడి.)



ఆసుపత్రి అనగానే మన మనస్సునకు తోచువాడు రోగి. రోగి కొరకు ప్రార్థించుదుము, రోగిని పరామర్శింప పోవుదుము, కూడికలలో రోగుల పేరులు చదువుదుము. ఇది మంచిదే. అయితే ఆ మంచము ప్రక్కన నిలిచి, నిన్నటి ఉదయమునుండి కన్ను మూయక, మందుచీటీ వ్రాయుచున్న యువవైద్యుని సంగతి ఎవరు తలంచుచున్నారు? అతని నిద్రకును, అతని నేర్పునకును, అతని క్షేమమునకును జవాబుదారి ఎవరు? అతడేనా, ఆసుపత్రియా, లేక మనము కూడనా? ఈ నెల ఈ ప్రశ్నను కొంచెము నిదానముగా ఆలోచింతము.

అరణ్యములో మోషే ఉదయము మొదలు సాయంకాలము వరకు ఒంటరిగా కూర్చుండి జనుల వ్యాజ్యెములు తీర్చుచుండెను. తన అలసటను గూర్చి అతడు ఒక్క మాటయైన అనినట్లు మనము చదువము. అతని మామయైన యిత్రో మాత్రము అది చూచి, ఈ పద్ధతి సరియైనది కాదని ముఖముననే చెప్పెను. అలసిన న్యాయాధిపతివలన అతనికే కాక న్యాయము కోరి వచ్చినవారికిని నష్టమే యన్నది అతని తర్కము. యిత్రో చెప్పిన ఉపాయములో మూడు సంగతులు గలవు: తగినవారిని ఏర్పరచుకొనుట, వారికి పనియు మార్గమును నేర్పుట, భారమును వారితో పంచుకొనుట. అతడు మోషేను సోమరియనలేదు, విశ్వాసహీనుడనలేదు. దోషము మనిషియందు కాదు, ఏర్పాటునందే యున్నదని చూపెను.

ఇప్పుడు మన గచ్చిబౌలివైపు చూతము. ఒకప్పుడు బండరాళ్లును పొలములును ఉన్న ఈ చోట నేడు కంప్యూటరు కంపెనీల మేడల ప్రక్కనే పెద్ద ఆసుపత్రులు వెలసినవి. ఇక్కడి ఏ.ఐ.జి. ఆసుపత్రిని స్థాపించిన డాక్టర్ డి. నాగేశ్వర రెడ్డి గారికి 2025లో పద్మవిభూషణ్ పురస్కారము లభించినది. కడుపులోనికి గొట్టము పంపి వ్యాధిని కనుగొను ఎండోస్కోపీ విద్యను నేర్చుకొనుటకు పరదేశముల వైద్యులు కూడ ఆ సంస్థకు వచ్చుచుందురు. ఇది మనకు సంతోషకరము. అయితే మేడను కట్టవచ్చును, యంత్రమును ఓడమీద తెప్పింపవచ్చును. వైద్యుని మాత్రము పెంచవలసినదే. ఎం.బి.బి.యస్.కు అయిదున్నర సంవత్సరములు, పి.జి.కి మూడు, ఉన్నత ప్రత్యేక విద్యకు మరి మూడు: వెరసి పదకొండున్నర సంవత్సరములు.

ఈ సత్యమును 2020లో కరోనా వ్యాధి మనకు కన్నులార చూపినది. ఆ సంవత్సరము మొదట తెలంగాణలోని కరోనా రోగుల భారము ముఖ్యముగా సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రిమీద పడెను. ఏప్రిల్ నెలలో రాష్ట్ర ప్రభుత్వము గచ్చిబౌలి క్రీడాప్రాంగణములోని అంతస్తుల మేడనొకదానిని 1,500 పడకల ఆసుపత్రిగా మార్చి, దానికి తెలంగాణ వైద్య విజ్ఞాన సంస్థ, అనగా టిమ్స్, అని పేరు పెట్టెను. మేడ దొరికెను, పడకలు అమరెను. వైద్యులును నర్సులును మాత్రము అంత త్వరగా అమరలేదు. జూన్ నెలలో గాంధీ ఆసుపత్రిలో ఒక రోగి మరణింపగా, అతని బంధువులు విధిలోనున్న జూనియర్ డాక్టరుపై చేయి చేసికొనిరి. జూనియర్ డాక్టర్లు ఆసుపత్రి యెదుట బైఠాయించిరి. వారు అడిగినవాటిలో తమ రక్షణ ఒకటి, ఈ రోగులను ఇతర ఆసుపత్రులకు కూడ పంచవలెనన్నది మరియొకటి. యిత్రో చెప్పినదియు ఇదే కదా! జూలైలో గచ్చిబౌలి టిమ్స్ రోగులను చేర్చుకొన నారంభించినది. సలహా చెప్పుటకు యిత్రో వంటి పెద్ద ముందుగా లేనందున, దెబ్బలు తినిన పిల్లలే వీధిలో కూర్చుండి ఆ సలహా చెప్పవలసి వచ్చినది.

కాగితముమీద నియమములు లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వము 1992లో ఏర్పరచిన రెసిడెన్సీ పథకము ప్రకారము రెసిడెంటు వైద్యుడు ఎడతెగక చేయు పని సాధారణముగా దినమునకు 12 గంటలు మించరాదు, వారమునకు ఒకనాడు సెలవు ఉండవలెను. 2023లో జాతీయ వైద్య కమిషన్ చేసిన పి.జి. నిబంధనలు పనిగంటలు సముచితముగా ఉండవలెనని చెప్పినవి. ఎన్ని గంటలో చెప్పలేదు. వైద్యవిద్యార్థుల మానసిక ఆరోగ్యమును గూర్చి ఆ కమిషన్ నియమించిన కార్యదళము 2024లో నివేదిక ఇచ్చుచు, వారమునకు 74 గంటలు మించరాదనియు, ఒక దినము సెలవు ఉండవలెననియు సలహా ఇచ్చినది. వారమునకు 74 గంటలనుట ఉపశమనముగా వినబడుచున్నదంటే, ఇప్పుడు జరుగుచున్నది ఎంతో ఎవరికి వారే లెక్కించుకొనవచ్చును.

అలసటను చిన్న సంగతిగా ఎంచరాదు. మోటారు వాహనముల చట్టము ప్రకారము 100 మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములు మించి మద్యమున్నవాడు బండి నడుపుట నేరము. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రకటించిన ఒక ప్రయోగములో, 17 గంటలు మేల్కొనియున్నవారి చురుకుదనము 50 మిల్లీగ్రాముల మద్యము పుచ్చుకొన్నవారి స్థితికి దిగినది. 24 గంటలు మేల్కొనియున్నవారిది 100 మిల్లీగ్రాముల స్థితికి దిగినది. రాత్రివేళ పోలీసువారు అట్టివానిని బండి దింపి నిలిపివేయుదురు. అదే రాత్రి, అదే స్థితిలోనున్న వైద్యుని చేతికి మనము మన తల్లిని అప్పగించుచున్నాము. అతని ఓర్పును మెచ్చుకొనుచున్నాము కూడ.

అమెరికాలో 1984లో లిబ్బీ జయన్ అను పదునెనిమిదేండ్ల యువతి న్యూయార్కు ఆసుపత్రిలో మరణింపగా, అలసిన యువవైద్యులను గూర్చియు, వారిని పర్యవేక్షించు పెద్దల కొరతను గూర్చియు గొప్ప చర్చ లేచినది. 1989లో ఆ రాష్ట్రమును, 2003లో దేశమంతయు వారమునకు 80 గంటల పరిమితిని ఏర్పరచుకొన్నవి. ఐతే గంటలు తగ్గింపగానే సమస్తము చక్కబడలేదు. ఒక వైద్యుడు విధి ముగించి మరియొకనికి రోగిని అప్పగించునప్పుడు చెప్పవలసిన మాట చెప్పకపోయిన అదియు ప్రమాదమే. కాబట్టి విశ్రాంతి ఒక్కటే చాలదు. అప్పగింతకు ఒక క్రమము, ప్రక్కన నిలిచి నేర్పు పెద్ద వైద్యుడు, తెలియనప్పుడు తెలియదని భయము లేక చెప్పగల వాతావరణము కూడ కావలెను.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. వైద్యము సేవ గదా, సేవలో గంటలు లెక్కించుట తగునా అని కొందరు అడుగుదురు. మన సంఘములు మిషనరీ వైద్యుల త్యాగమును ఎరిగినవి. 1883లో గుంటూరునకు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ దొరసానిగారు 1930లో అచ్చటనే కన్నుమూసిరి. అట్టి త్యాగమును తక్కువ చేయవలెనని ఎవరనగలరు? కాని త్యాగమునకు ఒక ధర్మమున్నది. అది ఇచ్చువాని చేతిలోనే యుండవలెను. ఒక రాత్రి కష్టస్థితిలోనున్న బిడ్డను విడువలేక వైద్యుడు తానుగా నిలిచిన అది త్యాగము. నలుగురు చేయవలసిన పనికి ఇద్దరినే నియమించి, మిగిలిన ఇద్దరి జీతము మిగుల్చుకొని, ఆ ఇద్దరికి సేవాధర్మము బోధించుట త్యాగము కాదు. అది ఒకరి త్యాగమును మరియొకరు ఖర్చుపెట్టుట.

వేలూరులో డాక్టర్ ఐడా స్కడ్డర్ గారు 1900లో ఒక్క పడకతో పని ఆరంభించిరి. ఆమె త్యాగమునకు తక్కువ లేదు. అయినను తానొక్కతెయే అందరిని చూడగలనని తలంపక, 1909లో నర్సుల శిక్షణను, 1918లో స్త్రీలకు వైద్యపాఠశాలను స్థాపించిరి. నిజమైన త్యాగము తన తరువాత నిలుచు సహవాసులను తయారుచేయును.

మంచి సమరయుని సంగతి కూడ చూడుడి. గాయపడినవాని గాయములు కట్టి అతడు ఊరకుండలేదు. పూటకూళ్లవాని యొద్ద చేర్చెను. పూటకూళ్లవానికి పరోపకారమును గూర్చి ఉపన్యాసము చేయలేదు. రెండు దేనారములు చేతిలో పెట్టి, ఇంకేమైన ఖర్చయిన తిరిగి వచ్చునప్పుడు తీర్చెదనని బాధ్యత వహించెను. పరిచర్య చేయువాని ఖర్చు భరించుట కూడ కనికరములోని భాగమేనని ఇందువలన తెలియుచున్నది.

ఈ కొలత పెట్టి చూచిన మన ఏర్పాటులు ఎట్లున్నవి? 2024 జూన్‌లో తెలంగాణ జూనియర్ డాక్టర్లు అత్యవసర సేవలను విడువక, తక్కిన విధులు మాని సమ్మె చేసిరి. స్టైపెండు నెలనెల సరిగా రావలెననుట వారి మొదటి కోరికలలో ఒకటి. కూలివాని కూలి ప్రొద్దు గ్రుంకకముందే ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము ఆజ్ఞాపించుచుండగా, ఒక వైద్యుడు తన నెల జీతమునకై వీధికెక్కవలసి వచ్చుట సిగ్గుపడదగిన సంగతి. ప్రైవేటు ఆసుపత్రులలో ఇబ్బంది వేరు. మొదట కొంతకాలము ఇంత సొమ్మని హామీ ఇచ్చి, పిమ్మట చూచిన రోగులను, చేసిన శస్త్రచికిత్సలను బట్టి చెల్లించు ఒప్పందములు వాడుకలో నున్నవి. అట్టిచోట ఈ రోగికి ఆపరేషను అక్కరలేదని చెప్పిన వైద్యుడు సత్యము పలికినందుకు నష్టపోవును. సత్యము పలుకువానికి నష్టము కలుగని రీతిగా జీతము ఏర్పరచుట మేనేజుమెంటువారి ధర్మము. యథార్థత వైద్యునిదే, దానిని శోధనలో పడవేయకుండుట యజమానునిది.

విశ్రాంతిదినపు ఆజ్ఞలో దాసుడును దాసియు ఎద్దును కూడ చేర్చబడినవి. విశ్రాంతి యజమానుడు దయతలచి ఇచ్చు బహుమానము కాదు. బదరీవృక్షము క్రింద చావు కోరుకొన్న ఏలీయాను దేవుడు మొదట గద్దింపలేదు. అతని నిద్రింపనిచ్చి, రొట్టెయు నీళ్లును పంపి, మరల నిద్రింపనిచ్చెను. ప్రశ్న తరువాత వచ్చినది.

చివరకు మన వంతు. వైద్యుని కొట్టిన చేతులు ఆసుపత్రి యజమానునివి కావు; మనవంటి బంధుజనులవి. వైద్యులపై దౌర్జన్యమును శిక్షించుటకు 2008లోనే మన ఉమ్మడి రాష్ట్రములో చట్టము వచ్చినది. చట్టము కంటె ముందు మన నోటికి కళ్లెము కావలెను. బంధువు మంచముమీద నున్నప్పుడు పదిమందిమి గుమిగూడి డ్యూటీ డాక్టరును నిలదీయక, ఒకరిని మాట్లాడ నియమించుకొందము. మన సంఘములు నడుపు ఆసుపత్రుల కమిటీలలో కూర్చుండువారు లెక్కల పుస్తకముతో పాటు డ్యూటీ పట్టికను కూడ తెప్పించి చూడవలెను. రాత్రి డాక్టరు పండుకొనుటకు గది ఉన్నదా, అతనికి నేర్పు పెద్ద ఎవరు, గత నెల జీతము అందినదా అని అడుగవలెను. ఈ మూడు ప్రశ్నలకు జవాబు లేని ఆసుపత్రి గోడమీద ఎన్ని వచనములు వ్రాసినను, అచ్చటి వైద్యుడు ఒంటరివాడే.