విత్తనం చెప్పే సాక్ష్యం

కర్మ సిద్ధాంతం గురించి వాదన మొదలైతే మన దగ్గర ఎవరో ఒకరు విత్తనాన్ని సాక్షిగా పిలుస్తారు. వేప గింజ నాటి మామిడి పండు కావాలంటే దొరుకుతుందా, చేసుకున్నవారికి చేసుకున్నంత అంటారు. చెడ్డపని చేయబోయేవాణ్ని ఆపడానికి వాడినంత వరకు ఆ మాట మంచిదే. దాన్ని తిరగేసి వాడినప్పుడే చిక్కు వస్తుంది. ఫలం చేదుగా ఉంది కాబట్టి విత్తనం చెడ్డదే అయి ఉండాలని, బాధపడుతున్న మనిషి ఈ జన్మలో కాకపోతే పోయిన జన్మలోనైనా పాపం చేసే ఉంటాడని తేల్చేస్తారు. నల్లగొండ జిల్లాలో కాళ్లు వంకరపోయిన పిల్లల తల్లులకు, పాలమూరు నుంచి మూటాముల్లె సర్దుకుని వలసపోయిన కూలీలకు ఈ తీర్పు కొత్త కాదు. నేను అనేది ఒక్కటే: విత్తనాన్ని సాక్ష్యానికి పిలిచినవాళ్లు అది చెప్పేదంతా వినాలి. మొత్తం వింటే అది ఈ తీర్పును కొట్టేస్తుంది.

ప్యాషన్ ఫ్రూట్ గింజనే తీసుకుందాం. దక్షిణ అమెరికాలో పుట్టిన ఈ తీగను మన దేశంలో ఎక్కువగా ఈశాన్య రాష్ట్రాల్లో, నీలగిరి, కొడగు, వయనాడు కొండల్లో సాగు చేస్తారు. బీర, దొండ పాకే మన పందిళ్లకు ఇది కొత్త. పండులోని గింజలను గుజ్జుతో సహా రెండు మూడు రోజులు పులియనిచ్చి, కడిగి, నీడన ఆరబెట్టి వెంటనే నాటితే సాధారణంగా కొన్ని వారాల్లో మొలుస్తాయి. అవే గింజలను నెలల తరబడి దాచి నాటితే మొలక ఆలస్యమవుతుంది, కొన్ని మొలవనే మొలవవు. గింజ అదే, మారింది కాలం. మొలిచినవి కూడా, ఒకే పండులోని గింజలైనా, ఒక్క తీరుగా ఉండవు. ఒక తీగ విరగకాస్తే పక్కది అరకొరగా కాస్తుంది, ఒకటి తీపి, ఒకటి పులుపు. పైగా మొలకకు చలక నేలలో నీళ్లు నిలవకుండా చూడాలి, పాకడానికి పందిరి వేయాలి, నలభై డిగ్రీలు దాటే మన ఎండాకాలంలో నీడ పట్టాలి, తడి ఆరనివ్వకూడదు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా మేలురకం గింజ సైతం ఎండిపోతుంది. ఎండిన తీగను చూసి గింజదే తప్పు అనేవాణ్ని ఏ రైతూ తెలివైనవాడని అనడు.

కాయ పట్టే తీరు చూస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. పసుపు రకం పువ్వు మధ్యాహ్నం వేళ విచ్చి రాత్రికి ముడుచుకుంటుంది. విచ్చినప్పుడు దాని మూడు కీలాలు నిటారుగా ఉంటాయి. కాసేపటికి అవి మెల్లగా కిందికి వంగి పుప్పొడి ఉండే పరాగకోశాల మట్టానికి వస్తాయి. అప్పుడు తేనె కోసం దూరిన పెద్ద నల్ల తుమ్మెద వీపుకు అంటిన పుప్పొడి కీలం కొనకు రాసుకుంటుంది. కీలాలు వంగని పువ్వు మామూలుగా కాయ కట్టకుండానే రాలిపోతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. ఈ రకానికి తన పుప్పొడి తనకు పనికిరాదు. ఒకే తీగ నుంచి కోసిన కొమ్మలతో తోటంతా నింపినా అవన్నీ ఒకే తీగ కింద లెక్క, ఒకదాని పుప్పొడితో మరొకటి కాయదు. వేరే గింజ నుంచి మొలిచిన మరో తీగ దగ్గర్లో ఉండాలి, ఆ పుప్పొడిని మోసుకొచ్చే తుమ్మెద ఉండాలి. అందిన పుప్పొడిని బట్టి పండులో గింజలు, గింజలను బట్టి వాటి చుట్టూ రసం. అలాంటప్పుడు ఈ పండు ఎవరి ఫలం? తీగ ఒక్కదాని ఫలం మాత్రం కాదు. ఏ తీగకు పండిన పండు ఆ తీగ చేసుకున్నదే అని చెప్పడానికి ఈ పందిరి కింద ఆధారం దొరకదు.

విత్తనం ఉపమానం మాత్రమే, ఉపమానాన్ని ఇంత లోతుగా తవ్వకూడదు, కర్మకు ఆధారం శాస్త్రం అని కొందరు అంటారు. శాస్త్రాన్నే చూద్దాం. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పని జరగడానికైనా ఐదు కారణాలు చెబుతుంది: ఆధారమైన చోటు, చేసేవాడు, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. అంతా తానే చేశానని చూసేవాడికి సరైన చూపు లేదని ఆ వెంటనే అంటుంది. బౌద్ధుల శాలిస్తంబ సూత్రం వరి మొలకనే ఉదాహరణగా తీసుకుని, విత్తనం మొలవడానికి నేల, నీరు, వేడి, గాలి, చోటు, రుతువు కలిసిరావాలని విడమర్చింది. సంయుత్త నికాయంలో సీవకుడనే పరివ్రాజకుడు, మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లే అనేవాళ్ల మాట నిజమేనా అని బుద్ధుణ్ని అడుగుతాడు. వాత పిత్త శ్లేష్మాల వల్ల, రుతువుల మార్పు వల్ల, అజాగ్రత్త వల్ల, ఇతరుల దాడి వల్ల కూడా బాధలు కలుగుతాయని, అన్నిటికీ పూర్వకర్మే కారణమనడం అనుభవానికి విరుద్ధమని బుద్ధుడి జవాబు. ఆ జాబితాలో కర్మ ఉంది, కానీ చివర్లో, ఎనిమిది కారణాల్లో ఒకటిగా. బాధకు కారణం వెతికే వైద్యుడి చూపు ఇది. 

ఇక మొదట చెప్పిన నల్లగొండ పిల్లల సంగతి, అంటే ఫ్లోరైడ్ మాట. నల్లగొండ గ్రానైట్ రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భ జలంలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. అది దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపట్టి, ఎముకలు బిగుసుకుని వంగిపోతాయి. ఒకే బావి నీళ్లు తాగినా తిండిలో కాల్షియం చాలని పేద పిల్లలకే దెబ్బ ఎక్కువ. ఇక్కడా ఒక్క కారణం లేదు, రాయి, బోరు, పేదరికం కలిసి చేసిన పని ఇది. నీళ్లు నిమిత్తమాత్రం, ఆ ఊళ్లో పుట్టించింది కర్మే కదా అని గట్టి కర్మవాది అడుగుతాడు. ఈ ప్రశ్నను తేలిగ్గా తోసేయలేం, ఎందుకంటే దాన్ని తప్పని నిరూపించే దారి లేదు. అయితే దాని బలహీనతా అదే. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతటా నల్లగొండ పేరే ఉంది. తర్వాత శుద్ధి చేసిన కృష్ణా నీళ్లు పైపుల్లో వచ్చాయి. మంచినీళ్లు తాగి పెరిగే పిల్లల ఎముకలు ఫ్లోరైడ్‌తో వంగవు. పైపులైను వేసిన ఏడాదే ఊళ్లో పుట్టబోయే పిల్లలందరి పాపం ఒక్కసారిగా తీరిపోయిందా? తీరిపోయిందని అంటే, ఏది జరిగినా సరిపోయే వివరణ అవుతుంది. అలాంటి వివరణ వల్ల తెలిసేదేమీ ఉండదు.

కర్మ లేదంటే బాధ్యత కూడా పోతుంది, పైగా నా రాత ఇంతే అనుకోవడంలో కష్టజీవికి ఓదార్పు ఉంది కదా అనే మాట మిగిలింది. ఓదార్పు నిజమే. తన బాధను తాను అలా అర్థం చేసుకునే మనిషిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ నా రాత అని తాను అనుకోవడం వేరు, నీ రాత అని పక్కవాడు తేల్చడం వేరు. మొదటిది ఓర్పు, రెండోది చేతులు దులుపుకోవడం. తెలంగాణలోకి కృష్ణమ్మ అడుగుపెట్టేది పాలమూరులోనే. అయినా పొలాలు ఎండి అక్కడి జనం దేశమంతా మట్టిపనికి పోయారంటే అందులో కాలువల లెక్క, ఖర్చుల లెక్క, ప్రభుత్వాల నిర్ణయాల లెక్క ఉన్నాయి. వాటికి జవాబు చెప్పాల్సినవాళ్లకు తలరాత అన్న మాట ఎంతో వీలుగా ఉంటుంది. ఫలానికి కారణాలు ఎన్నో అని ఒప్పుకుంటే బాధ్యత తగ్గదు, పెరుగుతుంది. గింజ నాటినవాడు తన పనికి బాధ్యుడు, పందిరి వేయనివాడు, నీళ్లు మళ్లించుకున్నవాడు, తుమ్మెదలు చచ్చేలా మందు కొట్టినవాడు తమ తమ పనులకు బాధ్యులు. నా పని నా ఒక్కడి ఫలంలోనే కాకుండా పక్కవాడి ఫలంలోనూ చేరుతుందని తెలిస్తే నీతికి పునాది గట్టిపడుతుంది. కర్మను నమ్మేవాళ్లు నమ్మవచ్చు, దాన్ని తమ నడవడికి కొలబద్దగా ఉంచుకోవచ్చు. ఎదుటివాడి కష్టానికి కారణంగా మాత్రం చూపకూడదు. ఇంకా బోరు నీళ్లే తాగుతున్న ఊరు ఏదైనా ఉంటే ముందు ఆ నీళ్లు పరీక్ష చేయించాలి. పూర్వజన్మల చర్చ ఆ తర్వాత తీరిగ్గా పెట్టుకోవచ్చు.