వీధికుక్క ఎవరిది?

తెల్లవారుజామున కర్నూలు వీధుల్లో నడకకు బయలుదేరే పెద్దవాళ్ళ చేతుల్లో ఈమధ్య ఒక కర్ర కనిపిస్తోంది. అది ఊతకర్ర కాదు, కుక్కల కోసం. షుగరు ఉంది, రోజూ నడవమని డాక్టరు చెప్పాడు. నడుద్దామంటే సందు మలుపులో నాలుగు కుక్కలు కూర్చుని ఉంటాయి. కడప వెళ్ళినా ఇదే మాట వింటాం. ఇంటికి వచ్చి పత్రిక తెరిస్తే అందులోనూ కుక్కల సంగతే. ఇంతలో పిల్లలు పెంచుకునే కుక్కపిల్ల తోక ఊపుకుంటూ కాళ్ళ దగ్గరికి వస్తుంది. ఒకే జంతువు వీధిలో భయం, పత్రికలో వివాదం, ఇంట్లో ముద్దు! ఈ మూడింటినీ కలిపి ఆలోచించవలసి ఉంది గదా.

ముందు పత్రికల్లో వచ్చిన సంగతి చూద్దాం. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఢిల్లీ, దాని పరిసరాల్లోని వీధికుక్కలను పట్టి షెల్టర్లకు తరలించమన్నది. దేశమంతటా పెద్ద దుమారం లేచింది. పదకొండు రోజులకే, ఆగస్టు 22న, ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఉత్తర్వును సవరించింది. పిచ్చి పట్టినవి, మనుషుల మీద పడేవి తప్ప తక్కినవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసి, టీకా వేసి, పట్టినచోటనే వదలాలన్నది. తిండి పెట్టేవారు ఎక్కడపడితే అక్కడ కాక కేటాయించిన చోటనే పెట్టాలన్నది. నవంబరు 7న మరొక ఉత్తర్వు వచ్చింది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి కుక్కలను తొలగించాలి, తిరిగి అక్కడే వదలరాదు అని దాని సారాంశం.

ఇవి చదివి జనం రెండు పక్షాలయ్యారు. "మనుషుల ప్రాణాలకంటే కుక్కలెక్కువా?" అని ఒక పక్షం. "నోరులేని జీవాల మీద ఇంత కక్ష ఎందుకు?" అని రెండో పక్షం. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాడు కుక్కల దాడిలో ప్రాణం విడిచాడు. ఆ తల్లి ముందు నిలబడి జంతుప్రేమ గురించి ఉపన్యసించడం ఎవరి తరం? అలాగని విషం కలిపిన అన్నం పెట్టి కుక్కలను చంపేవాణ్ణి మెచ్చుకోగలమా?

మనిషికి జంతువు పట్ల బాధ్యత ఉందా అన్నది తత్త్వశాస్త్రంలో పాత ప్రశ్న. 17వ శతాబ్దంలో డేకార్ట్ జంతువులను గడియారం వంటి యంత్రాలతో పోల్చాడు. అంతకు నాలుగు వందల ఏళ్ళ ముందు పునీత తోమస్ అక్వినాసు, ఆ తరువాత 18వ శతాబ్దంలో కాంట్, ఇంచుమించు ఒకే దారిలో ఆలోచించారు. జంతువును హింసించడానికి అలవాటుపడినవాడు రేపు మనిషినీ హింసిస్తాడు, కాబట్టి అది తప్పు అన్నారు. ఇది మంచి మాటే. కాని దీన్ని ఇంతటితో ఆపేస్తే ఒక లోటు మిగులుతుంది. కుక్కను రాయితో కొట్టినప్పుడు నొప్పి పుట్టేది కుక్కకు. ఆ నొప్పిని లెక్కలోకి తీసుకోకుండా, కొట్టినవాడి స్వభావం చెడిపోతుందని మాత్రమే బాధపడితే సగం న్యాయమే చేసినట్లు. 1789లో అచ్చయిన గ్రంథంలో బెంథాం ఈ సంగతినే ఎత్తిచూపాడు. ఆ జీవికి తెలివి ఉందా అని కాదు, బాధ ఉందా అని అడగమన్నాడు.

1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం రెండు వైపులా చూస్తుంది. మూగజీవాల పట్ల దయ చూపడం మనం వాటికి బాకీ ఉన్న ధర్మమని చెబుతుంది. ఆ వెంటనే, మనుషుల కష్టం తీర్చడానికి వెళ్ళవలసిన డబ్బును జంతువుల మీద కుమ్మరించడం తగదనీ చెబుతుంది.

అయితే మన వీధిలో పోరాటం నిజంగా మనిషికీ కుక్కకూ మధ్యనేనా? లూకా సువార్తలోని లాజరును తలచుకోండి. ధనవంతుని వాకిట పుండ్లతో పడి ఉన్న పేదవాడు, ఆ పుండ్లు నాకిన కుక్కలు, ఇద్దరూ ఉన్నది గుమ్మానికి బయటనే. ఈనాటికీ అంతే. కారులో వెళ్ళేవాణ్ణి కుక్క కరవదు. చీకటితో వీధులు ఊడ్చడానికి వచ్చే పారిశుద్ధ్య కార్మికురాలిని, పాలుపోసే కుర్రవాణ్ణి, బడికి నడిచివెళ్ళే బిడ్డను, ఉదయపు పూజకు ఒంటరిగా వచ్చే అవ్వను కరుస్తుంది. కుక్కను పట్టించుకోని ఊరు ఈ బీదవాళ్ళనూ పట్టించుకోలేదన్నమాట.

మన సీమలో గొర్రెల కాపరి వెంట తిరిగే కుక్కకు ఒక పని ఉంది, ఒక యజమాని ఉన్నాడు, పూటకింత సంగటి ఉంది. వీధికుక్కకు ఇవేవీ లేవు. కాని అది ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఇంట్లో ఈనిన పిల్లలను గోనెసంచిలో వేసుకుని ఊరి బయట వదిలి వచ్చింది మనమే. ముద్దొచ్చినప్పుడు వేలు పోసి కొని, జబ్బు చేస్తే వీధిలోకి తోలింది మనమే. చికెన్ అంగడి చెత్త రోడ్డు పక్కన పారబోస్తుంటే చూసి ఊరుకున్నది మనమే. రాత్రి మిగిలిన అన్నం విసిరి పుణ్యం వచ్చిందనుకునేవారూ, రాయి విసిరి పీడ పోయిందనుకునేవారూ, ఇద్దరూ ఆ తరువాత తలుపు వేసుకుంటారు. జాలి అయినా కోపం అయినా, విసిరి వెళ్ళిపోయేంతవరకు అది ధర్మం కాదు. బాధ్యత తీసుకున్నప్పుడే ధర్మమవుతుంది.

జాలికి ముందుచూపు కూడా ఉండాలి. ఒకప్పటి కర్నూలు జిల్లాలో, ఇప్పటి నంద్యాల జిల్లాలో ఉన్న రోళ్ళపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం ఏర్పాటు చేశారు. ఆ పిట్ట నేలమీదనే, సాధారణంగా ఒక్కటే గుడ్డు పెడుతుంది. ఊరకుక్కలు ఆ గుడ్లకూ పిల్లలకూ ముప్పు. ఒక జీవిని లెక్కలేకుండా పెరగనిస్తే మరొక జీవికి చోటు ఉండదు.

మరొక ముఖ్యమైన సంగతి. కుక్క కాటుకు చెప్పు దెబ్బ అన్న సామెత వాదనలో గెలవడానికి పనికివస్తుందేమో, కాటుకు మాత్రం మందు కాదు. కారం, సున్నం, పసుపు, నాటుమందు, ఇవేవీ గాయం మీద పెట్టకండి. పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం ఇంకా కొందరిని వదలలేదు. ఆ పాత మందు మన దేశంలో వాడుక ఆగిపోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పుడు చేతికి వేసే కొద్దిపాటి సూదులే. చెప్పిన తేదీలలో ఒక్కటి కూడా తప్పకూడదు. 1885 జులైలో పాశ్చర్ తొమ్మిదేళ్ళ బాలుణ్ణి టీకాతో కాపాడాడు. నేటికీ రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికి బయటపడినవారు బహు అరుదు.

ఊళ్ళోని కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకాలు పడితే ఆ జబ్బు వ్యాప్తికి అడ్డుకట్ట పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2023 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఆపరేషను, టీకా వేయించవలసిన బాధ్యత మున్సిపాలిటీ, పంచాయతీలది. ఆ పని అయిన కుక్కకు చెవి కొసన చిన్న కోత గుర్తుగా ఉంటుంది. అడిగేవారు లేనిచోట ఏ కార్యాలయమూ కదలదు. పెంపుడు కుక్క ఉన్నవారు మొదట దానికి టీకా వేయించండి, పిల్లలు వద్దనుకుంటే ఆపరేషను చేయించండి. ఎండాకాలంలో వాకిట ఒక తొట్టిలో నీళ్ళు పెట్టండి.

ఈ ఆదివారం పిల్లలతో కలిసి ఒక పని చేయండి. మీ వీధిలో కుక్కలెన్ని, వాటిలో చెవికి గుర్తు ఉన్నవి ఎన్ని? దూరం నుంచే చూసి లెక్కపెట్టి కాగితం మీద రాయండి. సోమవారం నలుగురు పెద్దలు కలిసి ఆ కాగితం తీసుకుని మున్సిపల్ కార్యాలయానికి వెళ్ళండి.