మరుపు కూడా వరమే

'బతికున్నవాడికి తద్దినం పెట్టినట్టు' అంటూంటారు మన పెద్దవాళ్ళు. అంతకంటే కానిపని ఇంకోటి లేదని దాని అర్థం. కానీ కాస్త ఆలోచిస్తే, ఈ కానిపనిని మనం చాలా ఇష్టంగా, భక్తిగా కూడా చేస్తూంటామేమో అనిపిస్తుంది. ఒకప్పుడు నాటకాల్లో పద్యం ఎత్తుకుంటే ఊరంతా కదిలిపోయిన పెద్దాయన ఇవాళ అరుగుమీద కూర్చుని పేపరు చదువుకుంటూంటాడు. ఆయన ఎదుటే నిలబడి, "ఆహా, ఎలాంటి గొంతండీ! ఆ రోజులే వేరు" అని నిట్టూరుస్తాం. ఆయన చేతిలో కాఫీ గ్లాసు ఉందనీ, అది వేడిగానే ఉందనీ మనకి తట్టదు.

ఇంగ్లండులో ఒక మనిషికి ముప్పయ్యేళ్ళ పైచిలుకు ఇలాగే జరిగింది. అమ్మానాన్నలు పెట్టిన పేరు రోజర్ కీత్ బారెట్. లోకం ఎరిగిన పేరు సిడ్ బారెట్. 1946 జనవరి 6న కేంబ్రిడ్జిలో పుట్టాడు. తండ్రి డాక్టరు, పిల్లవాడికి పదహారేళ్ళు నిండకుండానే పోయాడు. సిడ్ లండన్లో చిత్రకళ చదువుకుంటూ స్నేహితులతో కలిసి ఒక సంగీత బృందంలో చేరాడు. ఇద్దరు అమెరికన్ గాయకుల పేర్లలోంచి చెరో ముక్కా తీసుకుని దానికి 'పింక్ ఫ్లాయిడ్' అని పేరు పెట్టింది కూడా అతనే.

వాళ్ళ మొదటి ఆల్బం 1967 ఆగస్టులో వచ్చింది. పేరు 'ది పైపర్ ఎట్ ది గేట్స్ ఆఫ్ డాన్'. వేకువ వాకిట వేణువూదేవాడు అని చెప్పుకోవచ్చు. ఆ పేరు వినగానే మనకి గోపాలుడు గుర్తొస్తే అది మన తప్పు కాదు. లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో వీళ్ళు ఆ పాటలు రికార్డు చేస్తున్న రోజుల్లోనే బీటిల్స్ అదే భవనంలో 'సార్జెంట్ పెప్పర్' ఆల్బం తయారుచేస్తున్నారు. ఒకే కప్పు కింద రెండు వంటలు, రెండూ లోకం తిన్నవే.

ఈ తరహా సంగీతాన్ని సైకెడెలిక్ అంటారు. మెలకువకీ కలకీ మధ్య మనసు ఎలా ఉంటుందో అలా వినిపించాలని దాని తాపత్రయం. ఆ కాలపు కుర్రకారుకి ఎల్.ఎస్.డి. అనే మత్తుమందుతో ఉన్న సావాసం అందులో లేదనలేం. కానీ ఈ ఆల్బం విన్నప్పుడు నాకు మత్తు కంటే బాల్యమే ఎక్కువ వినిపిస్తుంది. మా తమ్ముడు ఇంజనీరింగ్ హాస్టల్ నుంచి తెచ్చిన క్యాసెట్టులో మొదటిసారి విన్నాను. మొదట ఇదేం గోల అనుకున్న మాట నిజమే. తర్వాత ఒక్కొక్కటే చెవికెక్కింది. ఒక పాటలో గ్రహాలూ నక్షత్రాలూ. ఒక పాటలో పిల్లి. ఒక దాంట్లో చేలో నిలబెట్టిన దిష్టిబొమ్మ. ఇంకో దాంట్లో అమ్మ కథ చదువుతూ చదువుతూ ఆపేస్తే, తర్వాతేమైందో చెప్పమని మారాం చేసే పిల్లవాడు. చివరి పాటలో ఒక సైకిలు. అది అయిపోయాక గది నిండా గడియారాలూ గంటలూ ఒక్కసారిగా మోగినట్టు చప్పుడు. పదకొండు పాటల్లో ఎనిమిది సిడ్ ఒక్కడే రాశాడు. అప్పటికి అతనికి ఇరవయ్యొక్క ఏళ్ళు.

ఆ సంవత్సరం ముగిసేలోపే మనిషి చెదిరిపోయాడు. మందు చేసిందో, మనసులోనే ఉన్న జబ్బు బయటపడిందో, ఉన్నట్టుండి మీదపడ్డ పేరు భరించలేకపోయాడో, ఎవరికి తోచింది వాళ్ళు చెబుతారు. వేదికమీద గిటారు పట్టుకుని ఊరికే నిలబడిపోయేవాడట. 1968 జనవరిలో ఒకరోజు కచేరీకి కారులో బయల్దేరిన స్నేహితులు, దారిలో సిడ్‌ని ఎక్కించుకుందామా అనుకుని, వద్దులే అనుకుని, ముందుకు వెళ్ళిపోయారు. అంతే! పెద్ద పోట్లాటా లేదు, ఏడుపులూ లేవు. కొన్ని బంధాలు అలా 'వద్దులే' అన్న ఒక్క మాటతో తెగిపోతాయి.

అసలు కథ 1975 జూన్‌లో జరిగింది. అప్పటికి పింక్ ఫ్లాయిడ్‌కి ప్రపంచమంతా పేరొచ్చింది. పోగొట్టుకున్న స్నేహితుణ్ణి తలుచుకుంటూ రాసిన 'షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్' పాట పని మీద అదే ఆబీ రోడ్ స్టూడియోలో కూర్చున్నారు. ఎవరో లావుపాటి మనిషి లోపలికొచ్చాడు. గుండు, కనుబొమలు కూడా గీసేసుకున్నాడు. ఎవరో పనివాడనుకున్నారు కాబోలు, చాలాసేపు ఎవరూ పోల్చుకోలేదు. అతనే సిడ్! పోల్చుకున్నాక కొందరు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. తద్దినం జరుగుతున్న ఇంటికి పోయినవాడే నడిచొస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఆ తర్వాత సిడ్ కేంబ్రిడ్జిలో తల్లి దగ్గరికి చేరాడు. లండన్ నుంచి అంత దూరమూ నడిచే వెళ్ళాడని చెబుతారు. తల్లి పోయాక ఒంటరిగానే ఉన్నాడు. మళ్ళీ రోజర్ అయిపోయాడు. సైకిలు మీద బజారుకి వెళ్ళడం, తోటపని, బొమ్మలు వేయడం, వేసిన బొమ్మని ఫోటో తీసుకుని తగలబెట్టేయడం. సిడ్ అని పిలిస్తే పలికేవాడు కాదట. అయినా అభిమానులు ఊరుకున్నారా? తలుపు తట్టేవారు, వీధిలో కాపు కాసి ఫోటోలు తీసేవారు. 2006 జూలై 7న, అరవయ్యేళ్ళ వయసులో, క్యాన్సరుతో పోయాడు. ఆ తర్వాత పేపర్లలో చాలావరకు 1967 నాటి ఆ అందమైన కుర్రాడి బొమ్మే వేశారు. పోయిన మనిషి ఒకరు, ఫోటో ఇంకొకరిది.

ఇక్కడే నాకొక సందేహం. మనం ఏడ్చింది ఎవరికోసం? మనిషి కోసమా, ఆ మనిషి మనకివ్వడం మానేసిన పాటల కోసమా?

మా పిన్ని పెళ్ళికి ముందు రేడియోలో లలితగీతాలు పాడేది. పెళ్ళయ్యాక హార్మోనియం అటకెక్కింది. ఆవిడ పాట మానేస్తే ఏ అభిమానీ వచ్చి తలుపు తట్టలేదు. "ఎందుకు మానేశావు?" అని మామూలుగా అడిగినవాళ్ళయినా లేరు. ఈ మధ్య నేను అడిగితే, "ఆ పాడే పిల్ల వేరేలేవే" అని పెసరపప్పు చేటలో పోసుకుని కూర్చుంది. ఆ మాటలో దుఃఖం ఉందో తృప్తి ఉందో ఇప్పటికీ చెప్పలేను. ఒకటి మాత్రం తోచింది. తనంతట తాను మానేయడం వేరు, మానేయవలసి రావడం వేరు. మొదటిదైతే గౌరవించాలి, రెండోదైతే అడగాలి. ఏది ఏదో తెలియాలంటే ముందు ఎదుట ఉన్న మనిషిని చూడాలి. మనం మాత్రం పాతికేళ్ళ కిందటి మనిషినే చూస్తూ ఉంటాం.

'అయితే ఎవరి మానాన వాళ్ళని వదిలేయడమేనా? అది కూడా నిర్దయ కాదా?' అని మీరడగవచ్చు. కాదనను. ఆనాడు కారు ఆపకుండా వెళ్ళిపోవడం నిర్దయే. కానీ ఆ స్నేహితుల్లో ఇద్దరు తర్వాత అతని సొంత ఆల్బం పూర్తి కావడానికి దగ్గరుండి సాయం చేశారు. అతని స్థానంలో వచ్చిన డేవిడ్ గిల్మోర్ అయితే, పాటలమీద రావలసిన డబ్బు అతనికి సరిగ్గా అందేలా ఏళ్ళ తరబడి చూశాడు. తలుపు తట్టి పాత కథలు తవ్వలేదు, పైకం మాత్రం ఆగనివ్వలేదు. నాకు ఇది వందమంది కన్నీళ్ళకంటే ఎక్కువ విలువైన సంతాపంగా కనిపిస్తుంది. దుఃఖం ప్రకటించడం తేలిక, రుణం తీర్చడమే కష్టం.

ఆ ఆల్బం పేరు ఎక్కడిదో ఇంకా చెప్పలేదు కదూ! కెన్నెత్ గ్రేహమ్ పిల్లలకోసం రాసిన 'ది విండ్ ఇన్ ది విల్లోస్' అనే 1908 నాటి పుస్తకంలో ఏడో అధ్యాయం పేరది. తప్పిపోయిన నీటికుక్క పిల్లని వెతుకుతూ ఎలుకా చుంచూ రాత్రంతా పడవలో వెళతాయి. తెల్లవారే వేళ వేణువు వినిపిస్తుంది. ఆ వేణువూదే దేవుడి పాదాల దగ్గర పిల్ల హాయిగా నిద్రపోతూంటుంది. అంతటి దర్శనం ఇచ్చిన దేవుడు వెళ్ళిపోతూ ఆఖరుగా ఇచ్చే వరం ఏమిటో తెలుసా? మరుపు. ఆ క్షణమే తలుచుకుంటూ కూర్చుంటే మిగతా బతుకు చిన్నబోతుందని, చూసింది మరిచిపోయేలా చేస్తాడు.

ఇరవయ్యొక్క ఏళ్ళకి వేణువు ఊదిన కుర్రవాడు ఆ తర్వాత అడిగింది ఆ వరమే. కథలో దేవుడు అడక్కుండానే ఇచ్చాడు. మనుషులం మనం, అడిగినా ఇవ్వలేకపోయాం.

పాట ఎలాగూ మనకి మిగిలింది. పెట్టుకుని హాయిగా విందాం. ఆ గడియారాలూ గంటలూ మోగి రికార్డు ఆగాక, 'ఇంకా ఏదీ?' అని మాత్రం అడక్కుండా ఉందాం. పాట ఇచ్చినవాడికి మనం చెల్లించగలిగిన బాకీ, నన్నడిగితే, అదే.