లయం సమాధి కాదు

విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ ఖరగ్‌పూర్‌లో ఉంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి పనికోసం వెళ్లిన తెలుగువాళ్లు ఆ ఊళ్లోనే స్థిరపడ్డారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇవ్వడానికి కారణం ప్రధానంగా ఈ ఊరి తెలుగువాళ్లే. ఇలాంటి కార్మికుల ఊళ్లో శాంతి అనే మాట వేదాంత సభలకే పరిమితం కాదు. షిఫ్టు దిగిన మనిషికి అది ఒంటి అవసరం. ఒళ్లు సడలాలి, బుర్రలో మోత తగ్గాలి, నిద్ర పట్టాలి. ఈ మూడూ ఇస్తానని గంజాయి చెబుతుంది. అందులోనూ ఇండికా రకానికి ‘హాయినిచ్చే గంజాయి’ అని ప్రపంచమంతా పేరు. ఆ హాయీ, మన శాస్త్రాలు చెప్పిన శాంతీ ఒకటేనా? పార్కుకు పేరిచ్చిన ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు వితంతు వివాహం గురించి వాదించినప్పుడు ఒక చేత్తో పరాశర స్మృతినీ మరో చేత్తో కళ్లెదుటి సమాజ స్థితినీ పట్టుకున్నాడు. మన వీరేశలింగం పంతులుగారికి దక్షిణదేశ విద్యాసాగరుడన్న పేరు వచ్చిందీ ఆ వరస వాదానికే. ఈ ప్రశ్ననూ అలాగే, శాస్త్రాన్నీ అనుభవాన్నీ పక్కపక్కన పెట్టి తేల్చాలి.

ముందు వస్తువు సంగతి. 1753లో లిన్నేయస్ ఈ మొక్కకు సటైవా అని పేరు పెట్టాడు. 1785లో లమార్క్ భారతదేశం నుంచి వచ్చిన మొక్కలను వేరుచేసి ఇండికా అన్నాడు. సటైవా హుషారిస్తుందనీ, ఇండికా కండరాలను సడలించి, కూర్చున్నచోట కూలేసి, నిద్రలోకి దించుతుందనీ అమ్మేవాళ్లు చెబుతారు. జన్యువులను, రసాయనాలను పరిశీలించిన వాళ్లకు మాత్రం ఈ విభజన సీసా మీది చీటీలాంటిదే. ఇండికా అని అమ్మే రకాలన్నీ ఒక వంశానివి కావు. నిద్ర తెప్పించేది మిర్సీన్ అనే వాసన పదార్థమన్న ప్రచారానికీ మనుషుల మీద దొరికిన ఆధారం తక్కువే. అసలు పని చేసేది టీహెచ్‌సీ అనే రసాయనం. 1964లో దాన్ని విడదీసి చూపినవాళ్లు ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు గావోని, మెషూలమ్. చిలుం పీల్చిన కొద్ది నిమిషాల్లోనే అది మెదడుకు చేరుతుంది. కాలం సాగినట్టు అనిపిస్తుంది. మొదలుపెట్టిన వాక్యం చివరికి వచ్చేసరికి దాని మొదలు గుర్తుండదు. చెయ్యి కదలాలన్న తలంపుకూ చెయ్యి కదలడానికీ మధ్య ఎడం పెరుగుతుంది. తింటే ఇదంతా గంటా రెండు గంటలు ఆలస్యంగా వచ్చి, ఎక్కువసేపు ఉంటుంది. విశాఖ మన్యంలో పండించే పేరుమోసిన రకాన్ని శీలావతి అంటారు. పతివ్రత పేరు పెట్టినంత మాత్రాన మత్తుకు శీలం రాదు, ఇండికా అన్నంత మాత్రాన దానికి శాంతీ రాదు.

ఇప్పుడు శాస్త్రం. మాండూక్య కారికల్లో గౌడపాదుడు ధ్యానం చేసేవాడి దారిలోని ఆటంకాలను వివరించాడు. వాటినే తర్వాతి వేదాంతులు లయం, విక్షేపం, కషాయం, రసాస్వాదం అని నాలుగుగా లెక్కగట్టారు. మనసు చెల్లాచెదురు కావడం విక్షేపం. మనసు మునిగి మసకబారడం లయం. లోపలి హాయిని చప్పరిస్తూ అక్కడే ఆగిపోవడం రసాస్వాదం. చెదిరిన మనసును అణచమన్న గౌడపాదుడే, లయంలో పడ్డ మనసును తట్టి లేపమన్నాడు. ఆ సుఖాన్ని రుచి చూస్తూ కూర్చోవద్దనీ అన్నాడు. ఇండికా లక్షణాలను ఈ పట్టిక పక్కన పెడితే అవి సమాధి కింద చేరవు, ఆటంకాల కింద చేరతాయి. గీత పద్దెనిమిదో అధ్యాయం కూడా నిద్ర, సోమరితనం, ఏమరుపాటుల నుంచి పుట్టే సుఖాన్ని తామసమంది. అది సుఖమే కాదని గీత అనలేదు. సుఖమే, కాని మొదటా చివరా ఆత్మను మోహంలో ముంచేది అంది. ఆయుర్వేదం గంజాయికి విజయ అని పేరు పెట్టి మందుగా వాడుకుంది. అయినా భంగును శార్ఙ్గధరుడు ఏ వర్గంలో పెట్టాడో చూడాలి. జీర్ణం కాకముందే ఒళ్లంతా వ్యాపించేదాన్ని వ్యవాయి అని పిలిచి, నల్లమందుతో పాటు భంగును అందుకు ఉదాహరణగా చూపాడు. మనిషి దాన్ని అరిగించుకునేలోపే అది మనిషిని పట్టేస్తుందన్నమాట.

మరి శివుడి మాటేమిటని అడుగుతారు. అథర్వవేదం భంగను కష్టం నుంచి విడిపించే మొక్కల్లో ఒకటిగా తలచింది. సాధువులు చిలుం వెలిగిస్తూ శివనామం పలుకుతారు. సిద్ధులు వచ్చే ఐదు దారుల్లో ఓషధి ఒకటని యోగసూత్రాల్లో పతంజలే చెప్పాడు. ఇవన్నీ నిజాలే. అయితే పతంజలి ఓషధివల్ల వస్తాయన్నవి సిద్ధులు, కైవల్యం కాదు. సిద్ధులు సమాధికి అడ్డమని ముందు పాదంలోనే హెచ్చరించాడు కూడా. బద్ధకం, ఏమరుపాటు, మనసు మొద్దుబారడం ఆయన చెప్పిన యోగవిఘ్నాల్లో ఉన్నవే. ఇక శివుడు హాలాహలాన్ని గొంతులో నిలిపినవాడు. విషం ఆయన అదుపులో ఉంది తప్ప, ఆయన విషం అదుపులో లేడు. శివుణ్ణి అనుకరించాలంటే ఆ అదుపును అనుకరించాలి. అది చేతకాక పొగను అనుకరించడం భక్తి అనిపించుకోదు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం శాస్త్రజ్ఞుల వైపు నుంచి వస్తుంది. మెదడు తనంతట తానే గంజాయిని పోలిన పదార్థాన్ని తయారు చేసుకుంటుంది. 1992లో మెషూలమ్ బృందం దాన్ని కనిపెట్టి, సంస్కృతంలోని ఆనందం అనే మాట తీసుకుని ఆనందమైడ్ అని పేరుపెట్టింది. అలాంటప్పుడు ధ్యాని శాంతీ రసాయనమే, దమ్ము కొట్టినవాడి శాంతీ రసాయనమే, తేడా ఎక్కడుందంటారు. తేడా ఆత్మకూ రసాయనానికీ మధ్య లేదు. ఆనందమైడ్ అవసరమైన చోట, అవసరమైనంతే పుట్టి, త్వరగా విరిగిపోతుంది. టీహెచ్‌సీ అవసరం ఉన్నచోటా లేనిచోటా ఒకేలా కూర్చుని, చాలాసేపు లేవదు. నిద్ర విషయంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. మొదట్లో నిద్ర తొందరగా పడుతుంది, కలలు వచ్చే దశ తగ్గుతుంది. అలవాటయ్యాక అదే మోతాదు పనిచేయదు. మానేసిన రోజుల్లో నిద్ర రాదు, వచ్చినా విపరీతమైన కలలు. అప్పు తెచ్చుకున్న నిద్ర వడ్డీతో సహా తీర్చమంటుంది. సాధనతో వచ్చిన శాంతి మాత్రం వాడేకొద్దీ తరగదు, మోతాదు పెంచమని అడగదు. శాంతిని కొలవడానికి తెలుగులో మంచి మాట ఉంది: ఎరుక. శాంతి వచ్చాక ఎరుక పెరిగితే అది శాంతి, తరిగితే లయం.

చివరి అభ్యంతరానికి న్యాయం ఉంది. పొద్దంతా ఇనుముతో కుస్తీ పట్టినవాడికి గౌడపాదుడు ఎందుకు, ఆ కాస్త హాయి కూడా తప్పేనా అంటారు. 1893–94 నాటి హెంప్ డ్రగ్స్ కమిషన్ ఈ దేశమంతా విచారించి, మితంగా వాడితే సాధారణంగా పెద్ద హాని లేదనే తేల్చింది. 1839లోనే కలకత్తా వైద్య కళాశాలలో ఒషాగ్నెసీ దీన్ని మందుగా పరీక్షించాడు. నొప్పితో బాధపడేవాడికి వైద్యుడి చేతిమీదుగా మందు అందాలనడంలో ధర్మవిరుద్ధమైనదేమీ లేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం మాట పక్కన పెట్టినా, పీల్చినవాణ్ణి పాపి అనడమూ ఈ వాదం కాదు. యోగికి కూడా తగినంత తిండి, తగినంత నిద్ర ఉండాలని గీతే చెప్పింది. అలసినవాడికి విశ్రాంతి హక్కు. అందుకే దాని స్థానంలో మత్తును పెట్టకూడదు. విశ్రాంతి తీసుకున్నవాడు తన అలసటకు కారణమేమిటని అడగగలడు: గంటలు ఎక్కువయ్యాయా, కూలి చాలడం లేదా, పడుకోవడానికి చోటు ఇరుకా అని. లయంలో మునిగినవాడికి ఆ ప్రశ్న గుర్తుండదు. గుర్తుండకపోవడమే తనకు హాయి అనుకుంటాడు. మర్నాడు క్రేను కింద నిలబడవలసిన మనిషికి కావలసింది ఆ హాయి కాదు, పూర్తి నిద్ర, చురుకైన చెయ్యి.

గంజాయి తోటలో తులసి మొక్క అన్న సామెతను మనం చెడ్డవాళ్లలో మంచివాడికి వాడతాం. తోట గంజాయిదే అయినా, మన పెద్దలు వాసన చూసి తులసిని వేరుగా పట్టగలిగారు. హాయి అని పిలిచేదాన్నల్లా శాంతి అనుకునే ముందు మనమూ ఆ మాత్రం వాసన చూడాలి.